గిన్నెలోని ముక్క

నేను ఒక తుంటి ఎముకను. ఉండండి, ఉండండి, మొదటి మాటే తప్పు చెప్పేశాను. నేను ఒక తుంటి ఎముక బొమ్మను. బొమ్మ అంటే డాక్టర్ తారకేశ్ గారికి చిరాకు, 'నమూనా' అనాలట. నన్ను తయారు చేసిన ఇంజనీరు నీలవేణి మాత్రం 'ప్రింటు' అంటుంది. వార్డులో ఆయా ఒకసారి నన్ను చూసి "ఈ తెల్ల బొచ్చె ఎవరిదండీ" అని అడిగింది. వీళ్ళందరిలో ఎవరి మాట ఖాయం చేసుకోవాలో నాకు ఈ రోజుకీ తెలియలేదు. మీరు మీకు తోచినట్టు పిలవండి, పలుకుతాను.

నేను పుట్టింది విశాఖపట్నంలో, కొండ వాలు మీద ఉన్న ఒక ఆసుపత్రి వెనక గదిలో. పుట్టకముందు నేను ప్లాస్టిక్ తీగని. ఒక చక్రానికి చుట్టుకుని, ఏ పనీ పాటా లేకుండా, కిటికీ పక్కన హాయిగా పడి ఉండేదాన్ని. ఆ తీగని మొక్కజొన్నలోంచి తీస్తారని నీలవేణి ఎవరికో చెబుతుంటే విన్నాను. ఎక్కడి మొక్కజొన్న, ఎక్కడి తుంటి! ఆ ముక్క విన్న దగ్గర్నుంచే నా బుర్ర పాడవడం మొదలైంది.

ఒకరోజు నా కొస పట్టుకుని త్రీడీ ప్రింటింగు మిషనులోకి దూర్చారు. లోపల కాలిపోయేంత వేడి. కరిగి, సన్నటి ముక్కులోంచి జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు దిగాను. ఒక వరస, దాని మీద ఇంకో వరస. ఏమవుతున్నానో నాకు ఎవరూ చెప్పలేదు. గిన్నె అవుతున్నాననుకున్నాను కాసేపు, ఎందుకంటే మధ్యలో లోతుగా, గుండ్రంగా గుంట ఏర్పడుతోంది. ఆ గుంట పక్కనుంచి రెక్కలాంటిది లేచింది. గిన్నెకి రెక్కేమిటి అని తికమక పడ్డాను. తరవాత తెలిసింది, మనిషి తొడఎముక పైకొస బంతిలా ఉంటుందట, ఆ బంతి కూర్చునే గిన్నె తుంటిలో ఉంటుందట. నేను ఆ గిన్నెనీ, దాని చుట్టూ ఉన్న ఎముకనీ. అదీ కుడి పక్కది. అదీ విరిగినది. పుట్టడమే విరిగి పుట్టాను చూడండి, నా జాతకం.

ఇప్పుడొకటి చెబుతాను, ఇది కాస్త మనసుపెట్టి వినండి, నా గోలంతా దీని దగ్గరే ఉంది. వేడి తీగ గాలిలో నిలబడదు. నా ఒంట్లో ఎక్కడైనా ఒంపు బయటికి వచ్చి, దాని కింద ఖాళీ ఉంటే, జారి కిందపడుతుంది. అందుకని మిషను ముందుగా ఆ ఖాళీలో సన్నటి పుల్లలు కట్టుకుంటూ వచ్చి, వాటి మీద నన్ను పోస్తుంది. ఇంటికి స్లాబు పోసేటప్పుడు కింద సెంట్రింగు కర్రలు పెడతారే, అలాగ. స్లాబు గట్టిపడ్డాక కర్రలు ఊడదీస్తారు. అయితే అక్కడ కర్ర కర్రే, సిమెంటు సిమెంటే. నా విషయంలో అలా కాదు. పుల్లలూ నేనూ ఒకటే తీగ, ఒకటే రంగు, ఒకటే వేడి. ఏది నేనో, ఏది నా కింద పెట్టిన కర్రో, చూసేవాళ్ళ సంగతి అలా ఉంచండి, నాకే తెలియదు.

నీలవేణి మంచి పిల్ల. పని చేస్తూ చిన్నగా కూనిరాగం తీస్తుంది. ముక్కు సన్నగా ఉండే ప్లయరు పట్టుకుని నన్ను ఒళ్ళో పెట్టుకుని పుల్లలన్నీ పీకడం మొదలుపెట్టింది. పీకుతుంటే పటపటా ఊడొస్తున్నాయి. ఊడినవి ఊడినట్టు పక్కనున్న బిస్కట్ల డబ్బాలో పడేస్తోంది. నాకు హాయిగానే ఉంది, బిగుతు బట్టలు విప్పినట్టు. చివరికి గిన్నెలోపలికి ప్లయరు పోనిచ్చింది. అక్కడ పుల్లల కొసన శనగబద్దంత ముక్క ఒకటి ఉంది. దాన్నీ పట్టి లాగింది. టక్ మంది. అది ఊడినప్పుడు మాత్రం నాకెందుకో లోపల కలుక్కుమంది. అది కూడా కర్రేనా, లేకపోతే నేనా? అడుగుదామంటే నోరు లేదు కదా. డబ్బాలో పడిపోయింది. నీలవేణి కూనిరాగం ఆపలేదు.

టేబులు మీదికి వచ్చాక చూస్తే నాకు ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్నారు! ముగ్గురం ఒకే తుంటి. ఒకామె ద్రవంలోంచి పుట్టింది. చిక్కటి జిగురులాంటి ద్రవం మీద వెలుగు పడితే పడినమేరకు గట్టిపడుతుందట, అలా పొరమీద పొర గట్టిపడి తొట్టిలోంచి తలకిందులుగా పైకి లేచి వచ్చిందట. తేనె రంగులో నున్నగా ఉంటుంది. కాస్త వాసనేస్తుంది గానీ ఆ నునుపు చూసి అందరూ ముందు ఆమెనే చేతిలోకి తీసుకుంటారు. నా ఒంటినిండా గీతలు కదా, నన్ను మొహమాటానికి ముట్టుకుంటారు. ఇంకొకామె పిండిలోంచి పుట్టింది. నైలాను పిండి పరిచి, దాని మీద లేజరు కిరణంతో గీస్తే గీసినంతమేర కరిగి అతుక్కుంటుంది. మళ్ళీ పిండి, మళ్ళీ గీత. చివరికి పిండి దిబ్బలోంచి ఆమెని తవ్వి తీసి, బ్రష్షుతో దులిపి, గాలి కొట్టి శుభ్రం చేస్తారు. ఆమె గరుకుగా, మొద్దుగా ఉంటుంది, కిందపడేసినా పగలదు. చుట్టూ ఉన్న పిండే ఆమెని మోస్తుంది కాబట్టి ఆమెకి సెంట్రింగు పుల్లలతో పనే లేదు. నాకు కాస్త కుళ్ళుగానే అనిపించింది.

ఒకే తుంటిని ముగ్గురిని ఎందుకు చేశారయ్యా అంటే, అది డాక్టర్ తారకేశ్ గారి పట్టుదల. ఎముకల విభాగంలో ఆయన కుర్ర డాక్టరు, చురుకైనవాడు, కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడతాడు. ఎముకల ఆపరేషను ముందు చేతిలో పట్టుకుని చూసుకోడానికి ఈ మూడు పద్ధతుల్లో ఏది మేలో తేల్చి, పెద్ద సభలో పేపరు చదవాలని ఆయన కోరిక. వాటంగా ఒక విరిగిన తుంటి స్కాన్ దొరికింది, దాన్నిబట్టే మమ్మల్ని చేశారు. ఇంకేముంది, మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి కొలతలు తియ్యడమే పని. ఎవరి అంచు ఎంత పదునుగా వచ్చింది, ఎవరు ఎంత త్వరగా తయారయ్యారు, క్రిములు చావడానికి ఆవిరిలో ఉడికిస్తే ఎవరు వంకర పోకుండా ఉంటారు. ఆవిరి పరీక్షలో నా పని అయిపోయింది. నేను వేడికి మెత్తబడిపోతాను, ఆపరేషను గదిలోకి నన్ను రానివ్వరని తేల్చేశారు. మొక్కజొన్న బుద్ధి!

ఇంత కొలిచారు కదా, మా అసలు మనిషి ఎవరో మాత్రం నాకు చెప్పలేదు. నేను ఎవరి తుంటినో వారం తిరక్కుండానే తెలిసింది. తారకేశ్ గారు నన్ను కోటు జేబులో కుక్కుకుని వార్డుకి తీసుకెళ్ళారు. కిటికీ పక్క మంచం మీద ఒకావిడ పడుకుని ఉంది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. కుడికాలికి బరువులు వేలాడదీసి ఉన్నాయి. పేరు నూకరత్నం. బస్సు కండక్టరు. అడ్డంగా గేదె వస్తే డ్రైవరు బ్రేకు కొట్టాడు, బస్సు వెళ్ళి డివైడరుకి గుద్దుకుంది. ముందు సీట్లో కూర్చుని లెక్క చూసుకుంటున్న ఈవిడ మోకాలు ఎదురుగా ఉన్న ఇనుపరేకుకి తగిలింది. మోకాలికి తగిలిన దెబ్బ తుంటికి పాకి, బంతి గిన్నెలోంచి జారి, గిన్నె వెనక గోడ విరిగింది. బంతిని మళ్ళీ లోపలికి తోశారు గానీ, గోడకి ప్లేటు వెయ్యాలి.

తారకేశ్ గారు నన్ను ఆవిడ చేతిలో పెట్టి, "ఇదిగోనమ్మా, ఇది మీ తుంటే. అచ్చు మీదే" అన్నారు.

ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పింది. "ఓలమ్మ! ఇది నాదైతే, మరి నాకాడ ఉన్నదెవరిదండి బాబూ?"

చూశారా? నేను పుట్టిన దగ్గర్నుంచీ అడగాలనుకున్న ప్రశ్న అదే. తారకేశ్ గారు నవ్వేశారు. అది నవ్వే ప్రశ్న కాదండీ అని నాకు అరవాలనిపించింది.

"బాబూ, ఒక మాట నిజం సెప్పండి," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "నాను మళ్ళీ బస్సులో నిలబడగల్నా? కూకునే ఉద్యోగం నాకొద్దండి. డిపోలో ఫ్యాను కింద కూకోబెట్టి కాయితాలు రాయించుతారట, మా సూపర్వైజరు అప్పుడే సెప్పెళ్ళాడు. నాను రాడ్డు పట్టుకోకుండా నిలబడతానండి. ఎంత మలుపైనా సరే. రెండు సేతులూ టికెట్ల మిషను మీదే ఉంటాయి. మా రూట్లో అందరికీ తెలుసు, అడగండి. అలాగ నిలబడలేకపోతే మరి నాను నానే కాదండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ వేళ్ళు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. నాకు భలే జాలేసింది. నా ఒంట్లో ఉన్న విరుపే ఆవిడ ఒంట్లోనూ ఉంది. నేను కదలకుండా కూర్చుంటే గడిచిపోతుంది, ఆవిడకి అలా కాదు. తారకేశ్ గారు "నిలబెడతామమ్మా, మీరు దిగులు పడకండి" అన్నారు. ఆవిడ "పడనండి" అంది గానీ, నన్ను తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకోసారి గిన్నెలోకి తొంగి చూసింది.

ఆపరేషను ముందురోజు మధ్యాహ్నం మా ముగ్గురి చుట్టూ సభ జరిగింది. తారకేశ్ గారు, నీలవేణి, వాళ్ళతో పాటు విభాగం పెద్ద డాక్టర్ మందాకిని మేడమ్. మేడమ్‌కి మా ప్రింట్లంటే పెద్ద గురి లేదు. ఎన్నో ఏళ్ళ నుంచి ఎముకలు అతుకుతున్న మనిషి, బొమ్మలతో ఆడుకునే వయసు దాటిపోయిందని మొహం మీదే అనేస్తుంది. ఆ రోజు మాత్రం తేనెరంగు అక్కని చేతిలోకి తీసుకుని, గిన్నెలో వేలు పెట్టి, "ఇదేమిటి?" అంది.

తేనెరంగు అక్క గిన్నెలో శనగబద్దంత ముక్క ఉంది. సరిగ్గా నాకు ఊడిన చోట!

తారకేశ్ గారు వంగి చూశారు. "అది ఆసరా పుల్ల మొద్దు మేడమ్. ద్రవంతో చేసేదానికి కూడా కింద పుల్లలుంటాయి. కత్తిరించాక మొదళ్ళు మిగిలిపోతాయి. మిగతా రెండింట్లో చూడండి, లేదు."

నన్ను చూశారు. నా గిన్నె శుభ్రంగా ఉంది. పిండి చెల్లిని చూశారు. ఆమెదీ శుభ్రంగానే ఉంది.

"రెండింట్లో లేదు, ఒక్కదాంట్లో ఉంది," అన్నారు తారకేశ్ గారు. "నీలవేణీ, గరుకు కాయితంతో దాన్ని రుద్దేసెయ్యి. కొలతలు పాడవుతాయి."

ఓట్లేసి ఎముకని ఓడించేశారండీ! నాకు తల తిరిగిపోయింది. ఒకవైపు నాకూ అలాంటిదే ఉండేదని గుర్తు. ఇంకోవైపు నా మాట నేనే ఎలా నమ్మను? పుల్లలన్నీ ఊడుతున్నప్పుడు ఏది నేనో నాకే తెలియదని ఇందాకే చెప్పాను కదా. కలుక్కుమన్నంత మాత్రాన అది నేనని రుజువేమిటి? చాలాకాలం మోసిన కర్ర ఊడినా కలుక్కుమంటుందేమో. ఇలా నాలో నేను కొట్టుకుంటున్నాను, ఈలోపు నీలవేణి గరుకు కాయితం కోసం సొరుగు లాగింది.

మేడమ్ అక్కని కింద పెట్టలేదు. "స్కాన్‌లో ఏముంది?" అంది.

"చూశాం మేడమ్. అక్కడ చిన్న మసక ఉంది. స్కాన్ తీస్తుంటే నొప్పికి ఆవిడ కదిలారు, అందుకని అలుక్కుపోయింది. ఎముక అనీ చెప్పలేం, నీడ అనీ చెప్పలేం. అందుకే కదా ప్రింట్లు చూడటం."

"ముక్కే అయితే?"

గిన్నెలో ముక్క మిగిలిపోతే ఏమవుతుందో ఆ గదిలో వాళ్ళందరికీ తెలుసు. ఆ రోజు నాకూ తెలిసింది. బంతికీ గిన్నెకీ మధ్య ముక్క ఇరుక్కుంటే, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా అది చెప్పులో రాయిలా రాసుకుంటూ కీలు నున్నదనాన్ని తినేస్తుంది. ప్లేటు ఎంత చక్కగా వేసినా కొన్నాళ్ళకి నూకరత్నం నిలబడలేకపోతుంది. పోనీ ఎందుకైనా మంచిదని చూద్దామంటే, చక్కగా కుదురుకున్న బంతిని మళ్ళీ గిన్నెలోంచి లాగి లోపలికి చూడాలి. ఊరికే అలా లాగితే బంతికి రక్తం అందక అది ఎండిపోయే ప్రమాదం ఉంది. ముక్క ఉండి చూడకపోయినా ఆవిడకే నష్టం, ముక్క లేకుండా చూసినా ఆవిడకే నష్టం. ఇదీ సంగతి.

"రెండింటికి ఒకటి మేడమ్," అన్నారు తారకేశ్ గారు మళ్ళీ, గొంతులో పెద్ద ధీమా లేకుండా.

మేడమ్ మమ్మల్ని ముగ్గురినీ దగ్గరికి జరిపింది. ఆవిడ కూడా నాలాగే తికమక పడుతోందని ఆ కనుబొమ్మలు చూస్తే తెలిసింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది, తికమకలో తోడు దొరికితే అదో రకం ధైర్యం. చివరికి ఆవిడ పిండి చెల్లిని పట్టుకుని, "నీలవేణీ, దీనికి పుల్లలు ఉండవన్నావు కదూ?" అంది.

"ఉండవు మేడమ్. చుట్టూ పిండే మోస్తుంది."

"సరే. దేనికీ అంటుకోకుండా, గిన్నెలో విడిగా తేలుతున్న ముక్క ఒకటి ఉందనుకో. మిషను దాన్నీ ప్రింటు చేస్తుంది కదా. పిండి దులిపినప్పుడు ఆ ముక్క ఎక్కడుంటుంది?"

నీలవేణి చేతిలో గరుకు కాయితం అలాగే ఉండిపోయింది. "పిండితో పాటు రాలిపోతుంది మేడమ్," అంది మెల్లగా. "రాలిన పిండిని మళ్ళీ వాడటానికి జల్లిస్తాం. జల్లెడలో మిగిలిపోతుంది."

"మరి జల్లెడ ఎక్కడ?"

నీలవేణి పరుగెత్తింది. ఆ పిల్ల చెప్పుల చప్పుడు కారిడారు చివరిదాకా వినపడింది. తిరిగి వచ్చేసరికి చేతిలో జల్లెడ, అందులో పిండి గడ్డలు. ఆ గడ్డల్ని వేళ్ళతో నలుపుతూ వెతికారు ముగ్గురూ, తలకాయలు తగిలేలా వంగి. నలిపితే చాలావరకూ పొడైపోయాయి. ఒకటి మాత్రం పొడి కాలేదు. శనగబద్దంత. ఒకపక్క నున్నగా, లోపలికి వంగి ఉంది. రెండోపక్క విరిగినట్టు గరుగ్గా ఉంది. తేనెరంగు అక్క గిన్నెలో ఉన్నది కూడా అదే ఆకారం.

నా గుండె గుభేలుమంది. గుండె నాకెక్కడిదని అడక్కండి, తుంటికి గుండె ఉండదని నాకూ తెలుసు.

"అయితే తీగ దాంట్లో ఎందుకు లేదు?" అన్నారు తారకేశ్ గారు. ఆయన అడుగుతూనే ఉన్నారు, నీలవేణి బిస్కట్ల డబ్బా తెచ్చి టేబులు మీద బోర్లించింది. పుల్లలే పుల్లలు. నా పాత సెంట్రింగంతా గుట్టపోసినట్టు పడింది. ఒక్కొక్క పుల్లనీ దీపం కింద పెట్టి చూసుకుంటూ పోయింది. చివరికి ఒకదాని కొసన దొరికింది. పుల్లకి అతుక్కునే ఉంది పాపం, నాకు అతుక్కోవలసింది.

"నేనే పీకేశాను," అంది నీలవేణి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పుల్ల అనుకుని పీకేశాను మేడమ్. ఎముకని పీకేశాను."

"నేనేమో ఓట్లు లెక్కపెట్టాను," అన్నారు తారకేశ్ గారు.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఏడుపులు తరవాత చూసుకుందాం. మూడు పద్ధతుల్లోనూ ఉంది ముక్క. ఒకదాంట్లో రాలిపోయింది, ఒకదాంట్లో ఊడింది, ఒకదాంట్లో పుల్ల మొద్దుకి అతుక్కుని ఉన్నా మనమే లేదన్నాం. రేపు గిన్నె తెరిచి చూస్తున్నాం. తారకేశ్, నీ పేపర్లో ఇది రాయి, కొలతల కంటే పనికొస్తుంది."

నీలవేణి ఒక చుక్క ఫెవిక్విక్ వేసి నా ముక్కని నాకు అతికించింది. అది నేనేనని అప్పటికి తేలిపోయింది. తేలితే సంతోషించాలి కదా? నాకేమో కొత్త అనుమానం పట్టుకుంది. అది నేనైతే, అది నాలో ఉండకూడని నేను. ఆవిడలోంచి దాన్ని తీసెయ్యడానికి అంత ఆరాటపడుతూ, నాలో మాత్రం జిగురేసి మరీ పెడుతున్నారు. మనుషుల వరస నాకు ఎప్పటికీ అంతుపట్టదు.

మర్నాడు పిండి చెల్లిని ఆవిరిలో ఉడికించి ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు. నన్ను తారకేశ్ గారు తలుపుదాకా తెచ్చి, చెప్పులు విడిచే చోట కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ గట్టు మీద కూర్చుని నేను పడ్డ నరకం చెప్పలేను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూస్తాను, ఎవరో ఏదో ట్రే పట్టుకుని పోతారు, మూసుకుంటుంది. ముక్క లేకపోతే? మేమే తప్పు చెప్పి ఉంటే? మేము ముగ్గురం ఒకే స్కాన్‌లోంచి పుట్టాం కదా, ఆ మసక నిజంగా నీడే అయితే ముగ్గురమూ ఆ నీడనే మోసి ఉంటాం. మా మాట నమ్మి ఆవిడ కీలు తెరిచారు. బాగున్న ఆవిడ బంతి ఎండిపోతే ఆ పాపం ఎవరిది? నీలవేణి వచ్చి నా పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. కూనిరాగం లేదు.

చాలాసేపటికి తలుపు తోసుకుని తారకేశ్ గారు వచ్చారు. మాస్కు కిందికి లాగి, "ఉంది," అన్నారు. "అక్కడే ఉంది. తీసేశాం. ప్లేటు కూడా కుదిరింది." నీలవేణి నన్ను ఎత్తి గుండెకి హత్తుకుంది. నా రెక్క ఆ పిల్ల భుజానికి గుచ్చుకుంది, అయినా వదల్లేదు.

ఆ తరవాత నన్ను విభాగంలో అద్దాల బీరువాలో పెట్టారు. పక్కన తేనెరంగు అక్క. పిండి చెల్లి మరి తిరిగి రాలేదు, ఆపరేషను గదిలోనే ఉండిపోయింది. నా కింద ఒక చీటీ అంటించారు, 'కీలులో విడి ముక్క, తీగ పద్ధతి, ఆసరాగా భ్రమపడిన ఉదాహరణ' అని. కొత్తగా వచ్చిన విద్యార్థులకి తారకేశ్ గారు నన్ను తీసి చూపిస్తారు. వాళ్ళు నా గిన్నెలో వేలు పెట్టి ముక్కని తడుముతారు. తడమడం అయ్యాక, "ఇంతకీ ఏ పద్ధతి మంచిది సార్?" అని అడుగుతారు. సార్ ఇదివరకులా టకీమని జవాబు చెప్పరు. "ఏం చూడాలనుకుంటున్నావో దాన్నిబట్టి," అంటారు. పిల్లలు మొహాలు చూసుకుంటారు. నాకు నవ్వొస్తుంది, ఈయన కూడా మా జట్టులో చేరిపోయాడు.

మళ్ళీ వేసవి వచ్చింది. ఒకరోజు బీరువా గదిలో మేడమ్, తారకేశ్ గారు ఏదో మాట్లాడుకుంటున్నారు. కారిడారులో అడుగుల చప్పుడు వినిపించింది. చేతికర్ర చప్పుడు లేదు. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, భుజానికి తోలుసంచీ తగిలించుకుని నూకరత్నం లోపలికి వచ్చింది. నడకలో రవ్వంత ఒరుగుంది, అంతే.

"డూటీ మీదే వచ్చినానండి. బస్సు కాంప్లెక్సులో ఆగి ఉంది. సెకింగుకి రమ్మన్నారు కదా," అంది. నుంచోబెట్టారు, వంగమన్నారు, ఒంటికాలి మీద నిలబడమన్నారు. నిలబడింది. తారకేశ్ గారి మొహం వెలిగిపోయింది.

అప్పుడు ఆవిడ నన్ను చూసింది. "ఓలమ్మ, ఇదింకా ఇక్కడే ఉందేటి!" అని బీరువా దగ్గరికి వచ్చింది. తారకేశ్ గారు ఉత్సాహంగా నన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టి, గిన్నెలో ముక్క చూపించి, మీలోంచి తీసింది ఇలాంటిదేనమ్మా అని మొత్తం కథ చెప్పారు.

ఆవిడ ముక్కని వేలితో తట్టింది. "నాది నాకు సూపించలేదు కదండి బాబూ. తెలివొచ్చినాక అడిగితే పారేసినామన్నారు."

"అది పారెయ్యాలమ్మా. పద్ధతి."

"అవునులెండి." ఆవిడ నన్ను కాసేపు అలాగే పట్టుకుంది. "అయితే నాకు తీసేసినారు, దీనికి మాత్రం ఇలాగ ఒగ్గేసినారన్నమాట."

"అది పాఠం కోసం..." అని తారకేశ్ గారు అంటూనే ఉన్నారు. ఆవిడ గోరు నా గిన్నెలోకి దిగింది. టక్ మంది.

"అమ్మా!" అన్నారు ఆయన, చెయ్యి చాచి.

"దీనికీ ఆపరేషనైపోనాది," అంది నూకరత్నం. ముక్కని అరచేతిలో వేసుకుని వెలుతుర్లో చూసింది. "ఇంతటిదా నన్ను మంచానెక్కించింది! ఉంచుకుంటానండి. నాది పారేసినారు, ఇదైనా నా దగ్గరుండనియ్యండి." తోలుసంచీ తెరిచి, చిల్లర వేసుకునే అరలో పడేసి, బొత్తాం నొక్కింది. చాచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక తారకేశ్ గారు మేడమ్ వంక చూశారు.

మేడమ్ నవ్వింది. "ఆవిడది ఆవిడ తీసుకుంది. వదిలెయ్."

"ఎల్లొస్తానండి. మా డ్రైవరు హారను కొట్టీస్తాడు," అని నూకరత్నం నన్ను బీరువాలో పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా కింద చీటీ అలాగే ఉంది, గిన్నె ఖాళీగా ఉంది. కొత్త పిల్లలు వేలు పెట్టి వెతుకుతారు, చీటీ చూస్తారు, మళ్ళీ వెతుకుతారు. ఇక్కడ ముక్క ఏదని అడిగితే తారకేశ్ గారు, "తీసేశారు, నయమైంది" అంటారు. వాళ్ళకి అర్థం కాదు. నాకూ పూర్తిగా అర్థం కాలేదు. నీలవేణి ఊడదీసినప్పుడు కలుక్కుమన్నది, ఆవిడ ఊడదీస్తే ఎందుకు కలుక్కుమనలేదు? ఆ ముక్క నేనని వీళ్ళే తేల్చారు కదా. అయితే బీరువాలో ఉన్నది నేనా, సంచీలో ఉన్నది నేనా?

ఏమో. పొద్దున పూట కొండ కింద రోడ్డు మీద బస్సు హారను వినిపిస్తుంది. అది ఆవిడ బస్సో కాదో నాకు తెలియదు. ఆవిడదే అనుకుంటాను. చిల్లర మధ్య గలగలమంటూ, మలుపు తిరుగుతున్న బస్సులో నేనూ నిలబడి వెళుతున్నాననుకుంటాను, రాడ్డు పట్టుకోకుండా.